పక్కింటి సంతకం

దిండు గలీబులు కుట్టేవాళ్ళు దిండును ఎప్పుడూ చూసి ఉండరని నా అనుమానం. కొన్న ప్రతి గలీబూ దిండు కంటే జానెడు పొడుగు, లేదా బెత్తెడు పొట్టి. పొడుగైతే చివర తోకలా వేలాడుతుంది. పొట్టిదైతే దిండు తల బయటపెట్టి లోకాన్ని చూస్తుంది. ఇంట్లో రెండు దిండ్లుంటే ఈ బాధ పెద్దగా తెలీదు. ఒక దశలో మా ఇంట్లో ఎటు చూసినా దిండ్లే ఉండేవి, శనివారాలు వాటికి గలీబులు మార్చే బాధ్యత నాది. అప్పట్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా ఉద్యోగమే, ఏ వస్తువును ఎలా వాడాలో జనానికి అర్థమయ్యేలా రాయడం. గలీబు విషయంలో మాత్రం ఒక్క పేజీ కూడా రాయలేకపోయాను.

అన్ని దిండ్లు ఎందుకంటే, మా ఆవిడ పై అంతస్తులో మూడు గదుల్ని రోజు కిరాయికి ఇచ్చేది.

ఆవిడ అంతకుముందు నర్సు. ఏళ్ళ తరబడి రోగుల్ని ఎత్తీ దించీ నడుము పాడైంది. ఇక వార్డులో నిలబడలేనని ఉద్యోగం మానేసి, నెల తిరక్కుండా పై గదులకు సున్నం వేయించింది. మా ఇల్లు పుప్పాలగూడలో. అటు కొత్తగా లేస్తున్న అద్దాల మేడలు, ఇటు ఖాజాగూడ బండలు, మధ్యలో మేం. రెండు వారాల పని మీద వచ్చే ఇంజనీర్లు, ఇంటర్వ్యూలకొచ్చే పిల్లలు, కొడుకు కొత్త ఫ్లాటు చూద్దామని వచ్చి అందులో ఇంకా నీళ్ళు రావడంలేదని తెలుసుకున్న తల్లిదండ్రులు మా దగ్గర దిగేవాళ్ళు. మా ఆవిడ దుప్పటి మూలలు ఆసుపత్రి పద్ధతిలో మడిచేది. అందులో దూరిన మనిషి పూర్తిగా కోలుకుంటే గానీ బయటికి రాలేడు. వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. పెళ్ళయ్యాక ఆవిడ పాట పాడుతూ పనిచేయడం అప్పుడే మొదటిసారి విన్నాను. పాట చర్చిలోదే, వేగం మాత్రం వంటింటిది.

పుప్పాలగూడ అప్పటికింకా గ్రామ పంచాయతీ. పక్కన ఎన్ని అంతస్తులు లేచినా పన్ను కట్టాలంటే ఆ చిన్న ఆఫీసుకే వెళ్ళాలి. ఓ రోజు పంచాయతీ కార్యదర్శి తనే మా ఇంటికొచ్చాడు. గదులన్నీ చూశాడు.

"ఇది ఇల్లా, లాడ్జా మేడమ్?"

"ఇల్లేనండి. చుట్టాలు వెళ్ళేటప్పుడు డబ్బులిస్తారు, అంతే తేడా."

"గట్లయితే అది లాడ్జే మేడమ్."

తెలిసినవాడిలా కనబడాలని నేను కల్పించుకుని, మరి హోటళ్ళకు వేసే విలాస పన్ను కూడా మాకు పడుతుందా అని అడిగాను. ఆయన స్నానాల గదిలోకి తొంగి చూశాడు. బకెట్టు, మగ్గు, తువ్వాలు తగిలించడానికి గోడకో మేకు.

"దాని ఫికర్ మీకొద్దు సార్," అన్నాడు.

ఆ మాటకి మా ఆవిడ వారం రోజులు నొచ్చుకుంది. మేకు పీకించి స్టీలు కడ్డీ పెట్టించింది.

ఆయన నోటీసు ఇచ్చి వెళ్ళాడు. లైసెన్సు లేకుండా గదులు కిరాయికివ్వకూడదు. లైసెన్సు కావాలంటే నిప్పు ఆర్పే సిలిండర్లు పెట్టాలి, దిగినవాళ్ళ వివరాలు రిజిస్టరులో రాసి పోలీసులు అడిగితే చూపాలి, ఇంటి పన్ను వ్యాపార రేటుకు మార్చుకోవాలి, అటూ ఇటూ ఉన్నవాళ్ళ చేత మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టించాలి. దసరాలోపు ఇవన్నీ తేకపోతే గదులు మూత. గదులు మూత అంటే మా ఆవిడ మళ్ళీ వార్డుకి. ఆ సంగతి ఆవిడ ఒక్కసారి కూడా పైకి అనలేదు. నోటీసు చదివి, కుర్చీలోంచి లేస్తూ నడుము మీద చెయ్యి వేసుకుంది, అంతే.

సిలిండర్లు కొన్నాం. రిజిస్టరు పెట్టాం. ఒక పక్క ప్లాటులో మనుషులు లేరు, ఏనుగంత బండ ఒకటి ఉంది. ప్లాటు ఎవరిదో ఎవరికీ తెలీదు. కార్యదర్శి బండను చూసి, "దీనికేం అభ్యంతరముంటది," అని ఆ పక్క వదిలేశాడు. ఇక మిగిలింది రెండో పక్క. అక్కడ ఒక పెద్దావిడ. మా వీధిలో సగం నేల ఒకప్పుడు వాళ్ళదే. అమ్మేయగా మిగిలిన ముక్కలో పెంకుటిల్లు, బర్రెల కొట్టం, మా ఇంటికీ వాళ్ళింటికీ ఉమ్మడి గోడ. ఆ గోడ మీద పెద్దపెద్ద అక్షరాలతో జై తెలంగాణ అని రాసి ఉండేది. అక్షరాలు మా వైపు తిరిగి ఉన్నాయన్నది నేను అంతకుముందే గమనించాను.

ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మాదేమో చీరాల పక్క. కాబట్టి ఉత్త చేతులతో వెళ్ళకూడదని, ఆఫీసులో వరంగల్ కుర్రాడి దగ్గర నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళాను. పెద్దావిడ బర్రెలకు గడ్డి వేస్తోంది.

"పెద్దమ్మా, జర సంతకం పెట్టుండ్రి. మస్తు పరేషాన్ ఉన్నది," అన్నాను.

ఆవిడ గడ్డి వేయడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఏందయ్యా, గొంతు బాగలేదా?"

నేను కాగితం చూపించి, మామూలు గొంతుతో విషయం చెప్పాను.

"పెట్ట," అంది. మళ్ళీ గడ్డి వేయసాగింది.

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది. "ఎందుకు పెట్టనన్నారు?"

"ఎందుకేమిటి? పేపరు చదవట్లేదా? మనం ఆంధ్రావాళ్ళం."

"ఆవిడ అలా అన్నారా?"

"అనాలా?"

"అంటే మీరు అడగలేదన్నమాట."

రాష్ట్ర రాజకీయాలను లోతుగా పరిశీలించిన మనిషిని ఇలాంటి చిన్న ప్రశ్నలతో ఇరకాటంలో పెట్టకూడదు. నేను నేరుగా నా వ్యూహం అమలుచేశాను. మా దగ్గర దిగినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాను: వీధిలో ఎవరితోనూ మాటలు పెట్టుకోకండి, ఎవరైనా ఏ ఊరని అడిగితే బెంగుళూరు అనండి. బెంగుళూరు మీద ఎవరికీ కోపం ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. కరెంటు ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. పంచాయతీ ఆఫీసుకు తాళం పడింది, మాకు నోటీసిచ్చిన కార్యదర్శి సమ్మె డేరా కింద కూర్చున్నాడు. అందరూ సమ్మెలో ఉన్నారు, ఒక్క మా గడువు తప్ప. అది రోజూ టంచనుగా డ్యూటీకి వస్తోంది.

ఒక ఉదయం మా వీధి మొదట్లోనే వంటా వార్పు పెట్టారు. రోడ్డుకి అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని నిరసన తెలపడం. మా ఆవిడ మేడ మీంచి కాసేపు చూసి, కిందికొచ్చి, అతిథుల కోసం కొన్న పెద్ద గుండిగ బయటికి తీసింది.

"ఎక్కడికి?" అన్నాను.

"చిన్న గిన్నెల్లో అవస్థ పడుతున్నారండీ."

"మనం వెళ్తే ఏమనుకుంటారో!"

"ప్రస్తుతానికి అన్నం ఉడకలేదనుకుంటున్నారు. అటు పక్క పట్టుకోండి."

పట్టుకున్నాను. ఆఫీసుకి వెళ్ళే దారిలేక మేడ మీద ఊరికే కూర్చున్న ఇంజనీరు కుర్రాడు కూడా బియ్యం సంచి మోసుకుంటూ వెనకే వచ్చాడు. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. గుండిగను చూసి మాత్రం ఇద్దరు ముగ్గురు "అబ్బ" అన్నారు. కుర్రాడిని ఉల్లిపాయలు తరగడానికి కూర్చోబెట్టారు. సరిగ్గా పక్కింటి పెద్దావిడ పక్కన.

"నీదే ఊరు కొడుకా?" అంది ఆవిడ.

కుర్రాడు నా వైపు చూశాడు. "బెంగుళూరండీ."

ఆవిడ కత్తి కింద పెట్టింది. "అందరు బెంగుళూరే అంటరు. గా బెంగుళూరుల ఇగ ఎవలన్న మిగిలిన్రా, అందరు మీ మేడ మీదికే ఒచ్చిన్రా?"

అదే అదనుగా మా ఆవిడ, గరిటె తిప్పుతూనే, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగేసింది. "పెద్దమ్మా, మాకు సంతకం ఎందుకు పెట్టనన్నారండీ?"

నేను చుట్టూ చూశాను. పారిపోదామంటే బస్సులు లేవు.

"ఎందుకు పెట్టాలె బిడ్డా? వారానికో కొత్త మొఖం. ఎవలొస్తున్నరో ఎవలు పోతున్నరో ఎర్క లేదు. పలకరిస్తే నేల చూస్కుంట పోతరు. నా గోడకానుకోని పండుకునేటోడు ఎవడో నాకు ఎర్కుండద్దా?"

"అంతేనా?" అన్నాను నేను. నా గొంతులో కాస్త నిరాశ కూడా ఉండి ఉంటుంది. "మేం ఆంధ్రావాళ్ళమని కాదా?"

"మీరు ఆంధ్రోళ్లని మీ సామాను దిగిననాడే ఎర్క. గది రాష్ట్రం లొల్లి. గిది గోడ లొల్లి."

కుర్రాడు ఇక ఆపుకోలేకపోయాడు. "నాది విజయవాడ అమ్మమ్మా. సారే చెప్పొద్దన్నారు."

ఆ చుట్టుపక్కల పొయ్యిల దగ్గర ఉన్నవాళ్ళంతా నన్ను చూశారు. నేను అన్నాన్ని చూశాను. అన్నం చక్కగా పొడిపొడిగా వచ్చింది.

ఆ సాయంత్రమే మా ఆవిడ ఒక రూలు పెట్టింది. పంచాయతీ రూళ్ళన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. దిగడానికి ఎవరొచ్చినా, సామాను కింద పెట్టి, ముందు పక్కింటికి వెళ్ళి పెద్దావిడకి కనబడి రావాలి. తనది ఏ ఊరో, ఎవరి తాలూకో, ఏం పని మీద వచ్చాడో, ఎన్నాళ్ళుంటాడో చెప్పాలి. ఆ తర్వాతే తాళం చెవి.

విమానాలు దిగి వచ్చిన పెద్ద ఉద్యోగులు బర్రెల కొట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడటం నేను మేడ మీంచి తనివితీరా చూశాను. ఒకాయన పెద్ద కంపెనీలో డెలివరీ హెడ్డు.

"గదంటే ఏం పని?" అంది పెద్దావిడ.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "పనిచేసేవాళ్ళని అడుగుతుంటానమ్మా."

"ఏమని?"

"అయిందా అని."

"గంతదానికి జీతమిస్తరా?"

ఆయన పైకొచ్చి, ఆ రాత్రి అన్నం తక్కువ తిన్నాడు. కానీ మర్నాడు పొద్దున్నే మళ్ళీ తనంతట తనే వెళ్ళి, చెంబుతో పాలు తెచ్చుకున్నాడు.

అందరూ అంత మంచివాళ్ళు కాదు. మూడు వారాలకు గది మాట్లాడుకున్న ఒక పెద్దమనిషి, పక్కింటి ముసలావిడకి నా వివరాలెందుకు చెప్పాలి, ఇదెక్కడి రూలు అని గేటు దగ్గర గట్టిగా అడిగాడు. సమ్మె వల్ల గదులు రెండు ఖాళీగానే ఉన్నాయి. నేను మెల్లగా, పోనీ ఈయన ఒక్కడికీ, అన్నట్టు మా ఆవిడ వైపు చూశాను.

"ఇక్కడి రూలండీ," అంది ఆవిడ. తాళం చెవి మాత్రం ఇవ్వలేదు.

ఆయన పెట్టె లాక్కుంటూ, కోకాపేట వైపు ఇంకేదైనా దొరుకుతుందేమో చూస్తానని వెళ్ళిపోయాడు. పెట్టె చక్రాలు మా వీధి కంకర మీద చాలా దూరం చప్పుడు చేశాయి. గోడ అవతల పెద్దావిడ పేడ ఎత్తుతూ అంతా విన్నది.

తెల్లారి తనే మా గేటు తీసుకుని వచ్చింది.

"ఏది బిడ్డా, గా కాయిదం తే."

నిదానంగా, పెద్దపెద్ద అక్షరాలతో తన పేరు రాసింది. సంతకం తన గడి దాటి, బండ తరఫున ఖాళీగా వదిలిన గడిలోకి కూడా వెళ్ళింది. ఆ విధంగా రెండు పక్కలా అయిపోయింది.

దసరా వెళ్ళిపోయింది. ఇంకొన్నాళ్ళకి సమ్మె ముగిసి ఆఫీసు తెరిచారు. గడువు దాటిపోయింది కదా అని నేను కాగితాలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటూ, మా ఆవిడ తల నున్నగా దువ్వుకుని, ఇద్దరం వెళ్ళాం. కార్యదర్శి కాగితాలు తిరగేస్తూ సంతకం దగ్గర ఆగిపోయాడు.

"ఈమె పెట్టిందా? నిజంగ? గీ గల్లీల మోరీ కాలువ తవ్వనీకి నేనెన్నిసార్లు తిరిగినా నాకు పెట్టలే!"

"పెట్టారండీ," అంది మా ఆవిడ.

"గడువు..." అని నేను నసిగాను.

"ఆఫీసుకు తాళమేసింది మేమే గద సార్. మేం లేనన్ని దినాలు మీ మీదెట్ల రాస్తం?" అని ముద్ర తీసి, లైసెన్సు మీద వేశాడు. దాని మీద మా ఆవిడ పేరు, కింద మూడు గదులు అని స్పష్టంగా. తర్వాత కాస్త ఇబ్బందిగా, ఇంటి పన్ను ఇక వ్యాపార రేటులో పడుతుందని, బాగా పెరుగుతుందని చెప్పాడు.

"చాలా థాంక్సండీ," అంది మా ఆవిడ, కళ్ళు మెరుస్తుండగా. పన్ను పెంచినందుకు థాంక్స్ చెప్పించుకోవడం ఆయనకు అదే మొదటిసారి అనుకుంటాను. ముద్ర ఎక్కడ పెట్టాడో మర్చిపోయి కాసేపు వెతుక్కున్నాడు.

లైసెన్సును అద్దం కట్టించి, మెట్ల దగ్గర, వచ్చినవాళ్ళకు ముందుగా కనబడేచోట తగిలించాం. మేకు కొట్టింది ఆవిడే. కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి, నడుము మీద చెయ్యి లేకుండా నిటారుగా నిలబడి చూసింది. వార్డు గుమ్మం ఇక తొక్కక్కర్లేదు. ఆ సాయంత్రం మూడు గదులూ నిండాయి.

నేను మిఠాయి డబ్బా పట్టుకుని వీధిలో పడ్డాను. కనబడినవాళ్ళందరికీ లడ్డూ పెట్టి, సాధించామని, రూలు ప్రకారం సాధించామని, ఇలాంటి వాటికి ముందుచూపు కావాలని, నేను మొదట్నుంచీ ఓర్పుగా నడిపించుకుంటూ వచ్చానని వివరంగా చెప్పాను. కొందరికి రెండుసార్లు చెప్పాను. చివరికి పక్కింటికి వచ్చాను. కొట్టం దగ్గర మా ఆవిడ, పెద్దావిడ మాట్లాడుకుంటున్నారు. పెద్దావిడకి లడ్డూ ఇచ్చి, మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాను.

ఆవిడ లడ్డూ సగం తిని, నన్ను వదిలేసి, మా ఆవిడని అడిగింది.

"బిడ్డా, లైసెన్సు నీ పేరు మీదనే ఒచ్చింది గద. మరి గీయన ఎందుకు గింత ఎగురుతుండు?"