మిస్టర్ ఏవండీ

కాల్గరీలో మంచు కరగడం మొదలయ్యే రోజుల్లో మా బేస్‌మెంట్ కార్పెట్ అంచుల్లోంచి ఒక వాసన లేస్తుంది, తడిసిన గోనెసంచీ, సబ్బు పొడి, తుప్పు పట్టిన ఇనుము కలిసినట్టు. మా ఆయన దానికోసం ఏదో మెషిన్ కొన్నాడు. అది రోజంతా గురక పెడుతుంది తప్ప వాసన మాత్రం కదలదు. ఉతికే బట్టల బుట్ట పట్టుకుని ఆ మెట్లు దిగిన ప్రతిసారీ నేను పెరిగిన ఊరు గ్వెల్ఫ్‌లో మా పాత ఇంటికి వెళ్ళిపోతాను. ఈ మోకాళ్ళతో బుట్ట మోయడమే గగనం, పైన ఈ జ్ఞాపకాలొకటి.

నా చిన్నప్పుడు మా వీధిలో తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. నాన్న మెషిన్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవారు, మిగతా టైమంతా గరాజ్‌లో అట్టముక్క పరుచుకుని కారు కింద పడుకునేవారు. ఉగాదికి బయట మోకాళ్ళ లోతు మంచు ఉంటే, అమ్మ మామిడికాయకి బదులు పుల్లటి పచ్చ ఆపిల్, వేపపువ్వుకి బదులు పంపరపనస లాంటి గ్రేప్‌ఫ్రూట్ తొక్క తురిమి వేసి, ఇదే ఉగాది పచ్చడి, నోరు మూసుకుని తినమనేది. దీపావళికి లావుపాటి చేతి తొడుగులతో కాకరపువ్వొత్తులు పట్టుకుంటే నిప్పురవ్వలు మంచులో పడి చుయ్యిమనేవి. చలికాలమంతా నేను బేస్‌మెంట్ మెట్ల మీద అష్టాచెమ్మా ఆడుకునేదాన్ని, ఆడేది మా కిందాయనతో.

కిందాయన అంటే మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఇంగ్లండు మనిషి. పేరు డెరెక్, కానీ ఆ పేరు అమ్మ నోట ఎప్పుడూ పలకలేదు. ఇంగ్లండులో ఏదో ముసురు పట్టిన ఊళ్ళో నలుగురు కలిసి బ్యాండ్ పెట్టి, రెండు రికార్డులు వేసి, రెండోది ఎవరూ కొనక, కెనడా టూరుకొచ్చి వ్యాన్‌లోనే కొట్టుకుని విడిపోతే, మిగతా ముగ్గురూ విమానం ఎక్కారు. ఈయన మాత్రం గ్వెల్ఫ్‌లో ఒక అమ్మాయి కోసం ఆగిపోయాడు. ఆ అమ్మాయీ ఆగలేదు. వచ్చిన రోజున “నేను ఇండీ మ్యుజీషియన్‌ని” అన్నాడు, అంటే పెద్ద కంపెనీల జోలికి పోకుండా చిన్నవాళ్ళతో రికార్డులు వేసుకునే రకం అని. అమ్మ మాత్రం నాన్న వైపు తిరిగి, “ఇండియన్ అంటాడేవిటండీ, ఇంత తెల్లగా ఉండి?” అంది.

స్టూడెంట్లు తాగే పబ్బులో గిన్నెలు తోమి వచ్చి, సాయంత్రాలు ఆయన కింద గిటారు వాయించేవాడు. ఇల్లంతా వేడిగాలి పంపే హీటింగ్ గొట్టంలోంచి ఆ పాట మా వంటింట్లోకి వచ్చేది. ఇక్కడి మాటలు అక్కడికీ వెళ్ళేవి, ముఖ్యంగా అమ్మ కేక. “ఏవండీ... అన్నం చల్లారిపోతోంది!” గరాజ్ దాకా వినబడాలని అమ్మ ఆ మొదటి మాటని సాగదీసి, చివర్లో పైకి లేపేది.

అది విని ఆయన మా నాన్న పేరు ‘ఏవండీ’ అనుకున్నాడు. ఎదురైతే “గుడ్ మార్నింగ్, మిస్టర్ ఏవండీ” అనేవాడు, అమ్మని “మిసెస్ ఏవండీ” అనేవాడు. నాన్న దిద్దలేదు సరికదా, మురిసిపోయారు.

“చూశావా, తెల్లవాడై ఉండి ఎంత మర్యాదగా ఏవండీ అంటున్నాడో! మీ తమ్ముడికి లేదు ఆ బుద్ధి.”

“మా తమ్ముడు మిమ్మల్ని బావా అనక ఏవండీ అంటాడేంటి?” అనేది అమ్మ.

ఒక చలికాలం ఆయన పరుగెత్తుకుంటూ పైకొచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. తను టేపు మీద రికార్డు చేసుకున్న పాటల్లో ఒకటి వాంకూవర్‌లో చిన్న కంపెనీవాళ్ళకి నచ్చిందట. ఆ పాట ఉంటేనే రికార్డు వేస్తారట, లేకపోతే ఇంగ్లండు వెళ్ళి బావ దగ్గర కార్పెట్లు పరిచే పనిలో చేరడమే, ఇక పాటలు లేవు. పాట వినిపించాడు. ఏవండీ అనే మనిషిని భార్య భోజనానికి పిలుస్తూనే ఉంటుంది, మంచు పడుతూనే ఉంటుంది, అన్నం చల్లారిపోతుంది, అతను రాడు. మధ్యమధ్యలో గొట్టంలోంచి దొరకబుచ్చుకున్న అమ్మ గొంతు.

“అది ఆయన పేరు కాదు,” అన్నాను నేను. “పేరు పెట్టి పిలవకూడదని అమ్మ అలా పిలుస్తుంది.”

కిందాయన చెవులు ఎర్రబడ్డాయి. “మరి అసలు పేరేమిటి?” అని అమ్మని అడిగాడు. అమ్మ చెప్పదు గనక అందరూ నా వైపు చూశారు.

నాన్నకి ఆ పేరు గొడవ పట్టలేదు. “మా ఇంటి ఆడమనిషి గొంతు తాగుబోతుల మధ్య మోగడానికి వీల్లేదు” అనేశారు. కిందాయన టేపు తీసుకుని మెట్లు దిగిపోయాడు. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే మొదలుపెట్టింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో ‘ఏవండీ’ అన్న మాట వినబడలేదు. అమ్మ వండేది, నాకు పెట్టేది, తను తినేది, గిన్నెల మీద మూతలు పెట్టేది. నాన్న కారు కింద నుంచి ఎప్పుడో లేచొచ్చేసరికి గుత్తివంకాయ కూర మీద నూనె గడ్డకట్టి ఉండేది, పెసరట్టు చెప్పు అట్టలా బిగుసుకుని ఉండేది. ఫ్యాక్టరీ నుంచి ఆయనకి ఫోనొస్తే పిలవకుండా రిసీవర్ బల్ల మీద పెట్టి పోయేది.

“పిలవచ్చుగా!” అన్నారు నాన్న చివరికి.

“పిలిస్తే కిందకి వినబడుతుంది. మళ్ళీ ఏ టేపులోనో పడితే మీకే అప్రతిష్ఠ.”

ఆ వారమంతా చల్లన్నం తిన్న మనిషి, శనివారం మధ్యాహ్నం గొట్టం దగ్గర వంగి, “వేసుకోవయ్యా, నీ పాట నువ్వు వేసుకో!” అని తెలుగులో అరిచారు. ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారేమోనని కిందాయన బెదిరిపోయి పైకొచ్చాడు. అమ్మ నవ్వు ఆపుకుంటూ అన్నం వార్చింది. నాన్న గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి అమ్మ పిలిచింది, ఎప్పటికన్నా పొడుగ్గా.

రికార్డు వచ్చింది. యూనివర్సిటీ రేడియోలు ఆ పాటని అరగదీశాయి, ఇంగ్లండు వాళ్ళు పాడమని పిలిస్తే వెనక్కి వెళ్ళాడు, ఒక పత్రికలో ఆయన ఫొటో పడితే నాన్న కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించారు. తర్వాతి రికార్డులో ఏవండీ లేడు, జనమూ లేరు. ఆ తర్వాత ఆయన బతుకంతా పేరున్నవాళ్ళ కచేరీలకి ముందు కాసేపు పాడటం, పిల్లలకి గిటారు నేర్పడం, తన పేరు అచ్చేసిన షర్టులు తనే అమ్ముకోవడం. ఎక్కడికెళ్ళినా జనం ఆ ఒక్క పాటే అడుగుతారట. ఇంటర్నెట్‌లో ఆయన అభిమానులు ఏవండీ అనేది ఏదో పాత దేవత పేరని తేల్చారు. కాదు, మా నాన్న అని రాస్తే ఒకడు నన్ను ఆధారం చూపించమన్నాడు. వాడితో నెలంతా పోట్లాడాను. ఇప్పుడు ఓపిక లేదు, దేవతే అనుకోనీ.

నాన్న పోయి చాలాకాలమైంది, అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. గ్వెల్ఫ్‌లో ఆ ఇంటిని గదులుగా కోసి స్టూడెంట్లకి అద్దెకిస్తున్నారు. నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను, కోపం వస్తే అంతకన్నా హీనంగా. నాకు దాని గురించి విచారమేమీ లేదు. కానీ పై అంతస్తులో ఉన్న మనిషికి కింద నుంచి “ఫుడ్ రెడీ” అని ఫోన్‌లో మెసేజ్ పెట్టేటప్పుడు, మా ఇళ్ళల్లో భోజనానికి గొంతెత్తి పిలిచేవాళ్ళే లేకుండా పోయారు కదా అనిపిస్తుంది.

మొన్న కిందాయన ఫోన్ చేశాడు. చెవులు దెబ్బతిన్నాయట, ఇదే ఆఖరి టూరట, కాల్గరీలో ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో పాడతాడట. “మీ అమ్మగారి ముందు ఒక్కసారైనా పాడకుండా పాటలు మానేయలేను” అన్నాడు. అమ్మని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి ముందు వరసలో పెట్టాను. హాల్లో సగం బట్టతలలే. ల్యాప్‌టాప్‌లోంచి అమ్మ పడుచు గొంతు పిలిచింది, వెనక హాలంతా ‘ఏవండీ’ అని అందుకుంది. అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

“ఇదేంటే, రాడు రాడు అని పాడతాడూ? వచ్చారు కదే! గ్రీజు చేతులతో వచ్చి కూర్చుంటే నేను తిట్టాను కూడా.”

“పాటలో అంతేలే అమ్మా.”

“అంతేలే ఏవిటి? నన్ను తీసుకెళ్ళు.”

షర్టులమ్మే బల్ల దగ్గరికి కుర్చీ తోసుకెళ్ళాను. అమ్మే చెప్పింది, తెలుగులో, వేలు చూపించి మరీ. కిందాయన చెవిలో మిషను సర్దుకుంటూ నా వైపు చూశాడు. ఇంగ్లీషులో చెప్పాను.

“వచ్చారా?” అన్నాడు. చేతిలో షర్టు మడత పెట్టకుండానే కింద పెట్టేశాడు. “నాకు కిందకి పిలుపొక్కటే వినబడేది.”