నా పోలిక

మా వాళ్లలో పురిటిబిడ్డను చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు ముందు తేల్చేది ఒక్కటే, ఎవరి పోలిక అని. అది తేలాకే టీ అయినా తాగుతారు. రెండో రోజు మా అత్త పాపను ఆసుపత్రి కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. పాప కళ్లు సగమే తెరిచింది.

"ఏటి సూత్తన్నారు, అచ్చం తల్లే. ఆ వాలుకళ్లు సూడండి" అంది.

నాకెంత పొగరొచ్చిందో! మా ఆయన అన్నల పిల్లలందరూ అత్త ముక్కుతోనే పుట్టారు మరి. నా రెప్పలు కొన్ని నెలలుగా సాయంత్రమయ్యేసరికి వాలిపోయేవి. తాల్‌బగీచా పేటలో మా ఇంట్లో అందరూ నిద్రమొహం అని ఏడిపించేవారు. మా ఆయన రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చాక తినడానికి కూర్చుంటే, రొట్టె నమలడానికే నా దవడ అలిసిపోయేది. కడుపుతో ఉన్న నీరసం అనుకున్నాను.

పాప గట్టిగా ఏడ్చేది కాదు. పేచీ లేని బంగారుతల్లి అని వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. పాలిస్తే రెండు గుటకలు వేసి వదిలేసేది, మిగతావి పెదవి చివర నుంచి కారిపోయేవి. మూడో రోజుకి ఆ కాస్త మూలుగూ లేదు. బిడ్డ దక్కదేమోనని భయపడి నర్సును పిలిచాను.

డాక్టర్ దీదీ వచ్చి, పాపను పరీక్ష చేసి, తర్వాత నా మొహం చూస్తూ నిలబడింది. నాకు ఒళ్లు మండింది. పాలు తాగనిది బిడ్డయితే నన్ను చూస్తుందేమిటి? రెప్ప దించకుండా పైన ఫ్యాను వంక చూడమంది. నిమిషం కాకుండానే నా రెప్పలు వాలిపోయాయి.

జబ్బు నాదట. నరాల మాట కండరాలకు అందకుండా నా రక్తంలో ఏదో అడ్డుపడుతోందట. అదే కడుపులో బిడ్డకూ చేరిందట. బిడ్డకు కొన్ని వారాల్లో పోతుంది, నాకు ఉంటుంది అంది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నాకే తెలియని జబ్బు బిడ్డకెలా ఇచ్చాను? నేనిచ్చింది బిడ్డకు పోయి నాకెలా మిగులుతుంది? పాపకు ముక్కులో గొట్టం వేసి పాలూ మందూ పట్టారు. నాకు మాత్రలిచ్చారు. అత్త నా కళ్లలోకి చూడడం మానేసింది.

నాలుగో వారంలో ఒక పొద్దున్న పాప వార్డు అదిరేలా ఏడ్చింది, కళ్లు గుండ్రంగా తెరిచి. అత్త చాలాసేపు దాని మొహం చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంక నీ పోలిక పోనాదమ్మా" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీ కూతురు నీలా లేదంటే ఏ తల్లయినా దండం పెడుతుందా? నేను పెట్టాను. చేతులు గుండెల దాకా కూడా లేవలేదు, అయినా పెట్టాను.