ముక్కు పట్టి చెంపదెబ్బ

ఈ రోజు హెడ్మాస్టరుగారికి ఎదురు చెప్పి ఇంటికొచ్చాను. బొబ్బిలి దగ్గర ఈ బళ్ళో సోషలు మేస్టారు సెలవు పెడితే, ఆయన బదులు మొన్ననే చేరాను. ఏడో తరగతిలో ఒక ప్రశ్న ముందు మగపిల్లల్ని వరసగా అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లల వంతు రాగానే, మొదట కూర్చున్న పైడమ్మ అనే పిల్ల గొణిగినట్టు జవాబు చెప్పింది. వెంటనే మగపిల్లలంతా లేచి, వరుసగా మొహాలు చాపి నిలబడ్డారు. చెప్పినవాళ్ళు చెప్పలేనివాళ్ళ ముక్కు పట్టుకుని చెంప వాయించాలట. అది మేస్టారి పద్ధతి.

పైడమ్మ మాత్రం కదల్లేదు. ఎందుకని అడిగాను.

“మెల్లిగా కొడితే మేస్టారు నన్ను కొడతారండి. గట్టిగా కొడితే ఈలు దారిలో కొడతారు. అందుకే తెలిసినా సెప్పడం మానేసినానండి. ఈయేల నోరు జారిపోనాది.”

“అందరూ కూర్చోండి. నేనున్నంతకాలం ఈ గదిలో ఎవరూ ఎవర్నీ కొట్టరు” అన్నాను. మగపిల్లలు సంబరంతో బల్లలు వాయించారు. ఆ గోలకి హెడ్మాస్టరుగారు బెత్తంతో సహా వచ్చి, సంగతి విన్నారు.

“దెబ్బ లేకపోతే ఈళ్ళు మాట వినరమ్మా. అయినా మీరు నాలుగు రోజులుండి పోయేవారు, మీకెందుకు?”

“ఆ నాలుగు రోజులూ ఈ తరగతి నాదేనండి. పాఠం చెప్పింది నేను. పిల్లలకి రాకపోతే ముందు నా చెంప వాయించమనండి” అన్నాను.

ఆయన ఎర్రగా చూసి వెళ్ళిపోయారు. రేపు నన్ను బళ్ళోకి రానిస్తారో లేదో! నాది పొగరంటారా? అననివ్వండి. నేను అడిగిన తరువాతి ప్రశ్నకి ఆడపిల్లల బెంచీలో చేతులన్నీ పైకి లేచాయి.