మొహిద్దీన్ సాబ్ కోళ్ల కాపలా

రామగిరి చుట్టుపక్కల పల్లెల్లో మొహిద్దీన్ సాబ్ గొంతు తెలియనివాళ్లు తక్కువ. వీధి మొదట్లో మోపెడ్ ఆపి "పరుపులు కుడతాం, దిండ్లు కుడతాం" అని కేక వేస్తే, చివరి ఇంటి ఆడవాళ్లు కూడా పాత పరుపులు తెచ్చి అరుగు మీద పడేసేవాళ్లు. దూది ఏకే పని ఆయనకు తండ్రి నేర్పింది. ఇంకో పని ఆయనకు రాదు.

పోయిన చలికాలంలో కనగానపల్లిలో ఒకరి ఇంటి ముందు దూది ఏకుతూ పక్కకు ఒరిగిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ప్రాణం నిలిచింది గానీ మాట పోయింది. నోరు తెరిస్తే లోపలెక్కడో గాలి ఆడినట్టు చిన్న శబ్దం వస్తుంది, అంతే.

భార్య మున్నీబీ టమోటా తోటలకు కూలికి పోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే పెరట్లో కానుగ చెట్టు కింద మంచం వేసి, ఆయన్ను కూర్చోబెట్టి, ఎడమవైపు నీళ్ల చెంబు పెట్టి, చేతికి ఒక కట్టె ఇచ్చిపోయేది.

"నువ్వింకేం చెయ్యొద్దు. కోళ్లను సూసుకుంటా ఉండు, సాలు. మాపటికి వచ్చేస్తా."

ఆమె ఊరికే ఆ మాట అంది. మగమనిషి రోజంతా పనిలేకుండా ఎట్లా కూర్చుంటాడని. ఆయన మాత్రం దాన్ని నిజంగానే పని అనుకున్నాడు. ఏ పెట్ట ఎక్కడ గుడ్డు పెడుతుందో, ఏది పొదుగుడుకు వచ్చిందో, ఏ పిల్ల తల్లిని వదిలి దూరం పోతుందో అన్నీ చూపుతోనే పట్టుకునేవాడు. గుడ్లు అమ్మితే వచ్చేదానితోనే ఆయన బీపీ మాత్రలు వచ్చేవి. అది కూడా ఆయనకు తెలుసు.

వేసవి ముదిరాక ఒకరోజు గద్ద వచ్చింది. నీడ నేల మీద జారడం చూశాడు. అదిలించాలని నోరు తెరిచాడు. కేక రాలేదు. కట్టె ఎత్తేలోపు పిల్ల గాలిలో ఉంది. తల్లి పెట్ట కాసేపు పెరడంతా అరుచుకుంటూ తిరిగింది. ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు.

గద్ద కన్నా కుక్కలు ఘోరం. పక్కింటి హనుమంతరాయుడు మేకలు కాస్తాడు. కుక్కల సంగతి మొదట చెప్పింది అతనే.

"వంక పక్కన ఆ బాయిలర్ కోళ్ల షెడ్డుండాది సూడన్నా, ఎండకు చచ్చిన కోళ్లను నీళ్లు లేని ఆ వంకలోనే ఏస్తాండారు. కుక్కలు ఆ రుచి మరిగినాయి. మొన్న నా మేకపిల్లను గూడా పట్టినాయి."

మున్నీబీ షెడ్డు దగ్గరికి పోయి అడిగింది. అక్కడ పని చూసుకునే మనిషి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "కుక్కలు మావి కాదు కదమ్మా, మీ కోళ్లను మీరు సూసుకోవల్ల" అన్నాడు.

ఆమె తుమ్మకంప కొట్టుకొచ్చి పెరటికి గోడ లేని వైపులంతా వేసింది. చేతుల నిండా ముళ్లు దిగాయి. కుక్కలు కంప కింద మట్టి గోకి దూరాయి. రాళ్లు పేర్చింది. ఇంకోవైపు నుంచి వచ్చాయి. పనినుంచి వచ్చేసరికి పెరట్లో ఈకలు, మంచం మీద కళ్లు తుడుచుకోవడానికి కూడా ఓపిక లేని మొగుడు. కట్టె ఆయన చేతికందనంత దూరంలో పడి ఉండేది.

ఒక సాయంత్రం రెండు పెట్టలు పోయాయి. మున్నీబీ ఈకలు ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది.

"ఇంత మనిషివి ఈడ కూచోనుండి..." అంది. మిగతా మాట మింగేసింది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కాసేపటికి ఆమె వచ్చి మంచం కోడు దగ్గర కూర్చుంది. "ఉన్నవి సంతలో అమ్మేస్తా. ఈ బాధ మనకొద్దు."

ఆయన ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. నల్లపెట్ట అప్పుడే పిల్లలు చేసింది. "సరే, వాటికి రెక్కలొచ్చేదాకా" అని ఆమె ఒప్పుకుంది.

ఆ పిల్లలు ఇంకా బొచ్చుముద్దలుగా ఉండగానే, ఒక మధ్యాహ్నం కుక్కలు గుంపుగా వచ్చాయి. వీధిలో మనిషి లేడు. పుంజు ఎదురు తిరిగింది. క్షణంలో దాన్ని చీల్చేశాయి. మిగతా కోళ్లు గోడలెక్కి చెల్లాచెదురైపోయాయి. నల్లపెట్ట, పిల్లలు గంప కింద ఉన్నాయి. ఒక కుక్క మూతితో గంపను నెట్టడం మొదలుపెట్టింది.

మొహిద్దీన్ సాబ్ కట్టె విసిరాడు, తగల్లేదు. చెంబు విసిరాడు, అది గంప పక్కన పడి దొర్లింది. కుక్క చూసి, మళ్లీ గంప వైపే తిరిగింది. ఎన్ని పల్లెలు లేపిన గొంతో అది. ఇప్పుడు పక్కింటి గడప దాకా కూడా పోదు.

మంచం మీంచి కిందికి పడ్డాడు. పడినవాడు పడినట్టే, ఎడమ మోచెయ్యి నేలకు ఆనించి, బతికున్న సగం ఒంటితో చచ్చిన సగాన్ని ఈడ్చుకుంటూ పోయాడు. పోయి గంప మీద బోర్లా పడుకున్నాడు. కింద పిల్లల కిచకిచ ఆయన రొమ్ముకు తగులుతోంది. కుక్క పిక్క పట్టుకుంది. పడిపోయిన కాలే అయినా నొప్పి తెలిసింది. ఇంకొకటి చెయ్యి పట్టుకోబోయింది.

దొర్లిన చెంబు చేతికి అందింది. దాన్ని గంప పక్కనున్న బట్టలుతికే బండకేసి కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు, చెంబు సొట్టలు పోయేదాకా.

మేకలకు నీళ్లు పెట్టడానికి వచ్చిన హనుమంతరాయుడు ఆ మోత విని గోడ దూకాడు.

పెనుకొండ ఆసుపత్రిలో కుట్లు వేసి, కుక్కకాటు సూదులు వేశారు. మున్నీబీ తోటలోంచి మట్టికాళ్లతోనే వచ్చింది.

"కోళ్ల కోసరం సచ్చిపోతావా? నువ్వు పోతే నాకెవురుండారు చెప్పు."

ఆయన పెదాలు కదిలించాడు. ఏ మాటా కాలేదు. కళ్లు మాత్రం అడుగుతూనే ఉన్నాయి. ఆమెకు అర్థమై కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

"ఉండాయి. పెట్టా ఉండాది, పిల్లలూ ఉండాయి. హనుమంతరాయుడు వాళ్లింట్లో మూసిపెట్టినాడు."

అప్పుడు కళ్లు మూసుకున్నాడు.

ఊరివాళ్లు నలుగురు పోయి గొడవపడితే షెడ్డువాళ్లు గుంత తవ్వి చచ్చిన కోళ్లను పూడ్చసాగారు. కుక్కలు మాత్రం ఊరు వదల్లేదు. హనుమంతరాయుడు పాత ఇనుప జాలీ తెచ్చి గూడు కట్టిచ్చాడు. అయినా ముంగిస ఎలాగో దూరి పిల్లల్ని ఒక్కొక్కటే ఎత్తుకుపోయింది. ఆ రోజు చెదిరిపోయిన కోళ్లు మళ్లీ ఇంటికి రాలేదు. నల్లపెట్ట, రెండు పిల్లలు మిగిలాయి. పిక్క మీద పుండు మానడం లేదు. మున్నీబీ ఇప్పుడు సగం పూటే కూలికి పోతోంది. అమ్మేద్దామన్న మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

మొన్న ఆమె ఇంటికి వచ్చేసరికి ఆయన పడకలో లేడు. వెనక గడప దాకా పాక్కుంటూ వచ్చి, తలుపుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కట్టు రక్తంతో తడిసింది.

"మళ్లా యాడికొస్తివి?" అంది.

లోపలికి తీసుకుపోవాలని చంకల కింద చేతులు వేసింది. ఆయన లేవలేదు. గూడు వైపు చూస్తున్నాడు. ఆమె చేతులు తీసేసి, పాత గుడ్డతో కొత్త కట్టు కట్టి, తనూ అదే గడప మీద కూర్చుంది.