మా షడ్డకుడి ఆరు వేల షేర్లు

పోయినవన్నీ ముందుగా రాసి పెడతాను. నా డబ్బు 44,000. మా షడ్డకుడి డబ్బు 36,000. పాల వ్యాను నడిపే అతనిది 9,000. టీ అంగడి అతనిది 6,500. మొత్తం 95,500. ఇది కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మాత్రమే. ఇవికాక షడ్డకుడి మరమగ్గాలు రెండు, తూకం 1,640 కిలోలు. ఆ మగ్గాలను తూచింది నేనే కాబట్టి ఆ అంకెలో అనుమానం లేదు. చివరగా, నేను అన్న ఒక్క మాట. దాని ఖరీదు కట్టడానికే ఇదంతా రాస్తున్నాను.

వడమాలపేట దగ్గర రోడ్డు పక్కన ఉన్న కాటా నడిపేది నేను. లారీ మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే సరుకు బరువు వస్తుంది. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్లు, మిగతా రోజుల్లో కంకర, ఇటుక, పాత ఇనుము. పదో తరగతితో చదువు ఆపేశాను. శాతాలు, చక్రవడ్డీ, కంపెనీల లాభనష్టాల పట్టికలు అన్నీ కాటా గదిలో బండికీ బండికీ మధ్య నేర్చుకున్నవే. ఎవరూ చెప్పలేదు. అందుకేనేమో, నాకు తెలిసింది ఇంకొకరికి ఊరికే అందితే ఓర్చుకోలేను.

షడ్డకుడు అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. నగరిలో ఆరు మరమగ్గాలు పెట్టుకుని చీరలు, లుంగీలు నేయించేవాడు. నాకంటే ఎనిమిదేళ్ళు వెనక ఆ ఇంటికి అల్లుడయ్యాడు. తిరుపతిలో మా అత్తగారు అల్లుళ్ళిద్దరికీ సమానంగానే వడ్డిస్తుంది. నాకు నాలుగు వడలైతే అతనికీ నాలుగే. కానీ నన్ను "చాలా నాయనా?" అని ఒకసారి అడిగితే అతన్ని రెండుసార్లు అడుగుతుంది. నేను లెక్కపెట్టాను. ఏ పండక్కీ ఈ లెక్క తప్పలేదు.

ఆ కంపెనీ గురించి మొదట తెలుసుకున్నది నేను. భూమిలో బాగా లోతున పలకలుగా పేరుకున్న రాతి పొరల్లో గ్యాసు ఇరుక్కుని ఉంటుందట. దాన్నే షేల్ గ్యాసు అంటారు. ఎక్కడో ఉత్తరాదిన ఒక చిన్న కంపెనీ దానికోసం పరీక్ష బావి తవ్వబోతోంది. నలభై రోజులు చదివి, కూడి, తీసి, షేరు 14 రూపాయల చొప్పున 4,000 షేర్లు కొన్నాను. 56,000 అయింది. ఆ ఆదివారం అత్తగారింట్లో నోరు జారి షడ్డకుడికి చెప్పాను. అతను తలూపి మరచిపోయాడు. మూడు వారాలకు, తవ్వే యంత్రాలు రావడం ఆలస్యమైందని షేరు 9కి పడింది. సరిగ్గా ఆరోజు అతనికి పుత్తూరు బస్సులో నా మాట గుర్తొచ్చిందట. దిగి, 54,000 పెట్టి 6,000 షేర్లు కొనేశాడు.

"నువ్వు సెప్పినావని కొన్నానన్నా. ఏం కంపెనీయో పేరు గూడా సరిగా పలకలేను" అని ఫోన్లో నవ్వాడు.

చదివిన నాకు 14. చదవని అతనికి 9. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తవ్వకం మొదలయ్యాక కంపెనీ ప్రతి శనివారం ఎంత లోతు దిగిందో తెలిపేది. నేను ఒక తొంభై ఆరు పేజీల నోటుబుక్కులో ఆ మీటర్లు ఎక్కించేవాణ్ణి. గ్యాసు ఉందంటున్న పొర 2,700 మీటర్ల దగ్గర. కాటా ఎదురుగా ఉన్న టీ అంగడే మా సభ. పాల వ్యాను అతనూ, అంగడి అతనూ నన్ను చూసే కొన్నారు.

"ఏమప్పా లెక్కల సారూ, ఈ పొద్దు ఎంత దిగినాది?" అనేవాడు వ్యాను అతను.

"రెండు వేల నూట పది మీటర్లు."

"మా బోరును అంత లోతు దింపింటే, పాతాళంలో వాళ్ళు తలుపు తీసి అడిగిండేరు, ఎవురు కావాల అని!"

"గ్యాసు పడితే నాకు సిలిండరు ఊరికే ఇస్తారా సారూ?" అని అంగడి అతను.

"నీ టీకి సిలిండరు ఎందుకబ్బా? ఎండలో పెడితే సాలు, ఆ మాత్రం ఏడి సరిపోతాది."

లోతు పెరిగేకొద్దీ ధరా పెరిగింది. 17, 22, 26, ఒక శుక్రవారం 31. నా వాటా విలువ 1,24,000. లాభం 68,000. నా జన్మలో ఊరికే కూర్చుని అంత సంపాదించలేదు. సంతోషం ఎంతసేపుందంటే, పెన్ను ఎత్తకుండా ఆ కిందే అతని లెక్క కట్టేంతసేపు. 6,000 షేర్లు, 31 చొప్పున 1,86,000. లాభం 1,32,000. నాకంటే 64,000 ఎక్కువ. మా ఆవిడ కూడా అన్నం పెడుతూ అంది, "మా సెల్లెలి మొగుడికి లచ్చ దాటినాదంట గదా. నువ్వేమో పగలంతా బుక్కు ముందేసుకుని కూసుంటావు." ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. నాకు అలాగే వినిపించింది.

మర్నాడు శనివారం ప్రకటన వచ్చింది. లోతు 2,410 మీటర్లు. అంతకుముందు శనివారం కూడా 2,410 మీటర్లే. కారణం రాయలేదు. "పనులు సాగుతున్నాయి" అని ఒక వాక్యం.

ఈ సంగతి తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మా వైపు పుట్టినవాడెవడికైనా తెలుస్తుంది. మా నాయన చేలో మూడు బోర్లు వేయించాడు. మూడోది 840 అడుగులు. నీళ్ళు పడితే బండివాళ్ళు గట్టుమీదినుంచే కేకలు పెడతారు. పడకపోతే, లోపల ఏదైనా ఇరుక్కుంటే, కేకలుండవు. మిషను ఆపి, టీ తెప్పించుకుని, రైతు ముఖం చూడకుండా తాగుతారు. మా నాయన ఆ మూడు సార్లూ వాళ్ళ ఎదుట నిలబడి, ఇంకో యాభై అడుగులు దింపమని బతిమాలాడు. ఆ ప్రకటన చదవగానే నాకు ఆ టీ గ్లాసులు కనిపించాయి. నోటుబుక్కులో రాసుకున్నాను: "సోమవారం అమ్మాలి." ఇప్పటికీ ఆ పేజీలో ఉంది.

ఆదివారం పొద్దున షడ్డకుడు నగరి నుంచి బండి మీద నేరుగా కాటా గదికి వచ్చాడు. హెల్మెట్టు తీయకుండానే మొదలుపెట్టాడు.

"అన్నా, నూలు షావుకారు లచ్చా ఇరవై వేలకు గొంతు మీద కూసున్నాడు. ఈ నెలలో కట్టకుంటే నూలు ఆపేస్తానంటాడు. నూలు లేకుంటే మగ్గాలను ఏం జేసుకునేది, గుగ్గిళ్ళు ఎండబెట్టుకునేదా? ఇప్పుడు షేర్లు అమ్మితే ఆయన బాకీ తీరి, సేతిలో అరవై ఆరు మిగలతాది. అమ్మేద్దునా? ఉంచుదునా?"

ఒక ఇటుకల లారీ వస్తే తూచి చీటీ ఇచ్చాను.

"నాకేం తెల్దన్నా. నువ్వు ఎట్లంటే అట్ల" అన్నాడు.

ఆ లారీ కాటా దిగిపోయేలోపల నా తలలో తిరిగింది ఒకే అంకె, 64,000. అతను సోమవారం అమ్మితే ఆ తేడా శాశ్వతంగా అతనిదైపోతుంది. అత్తగారింట్లో పదేళ్ళు చెప్పుకుంటారు. చదివింది పెద్దల్లుడు, గెలిచింది చిన్నల్లుడు అని.

"ఉంచు" అన్నాను. "యాభై చూస్తాది."

"సరే అయితే" అన్నాడు. అంతే. ఇంకో ప్రశ్న కూడా వేయలేదు. నా ఫ్లాస్కులోంచి టీ పోసుకుని తాగి, షావుకారును ఇంకో నెల ఎట్లైనా ఆపుకుంటానని వెళ్ళిపోయాడు.

అతన్ని ఉంచమని నేను అమ్ముకోవచ్చు కదా అనుకుంటారు. కుదరదు. మా ఇద్దరి ఖాతాలూ పుత్తూరులో ఒకే షేర్ల బ్రోకరు ఆఫీసులో ఉన్నాయి. అక్కడి అమ్మాయి ఫోనెత్తితే చాలు, "మీ అన్న నిన్ననే అమ్మేసినాడే, మీకు తెల్దా?" అని చెప్పేస్తుంది. ఆమెకు అది మర్యాద. అందుకని అతని లాభం ఆపడానికి నా లాభం కూడా ఆపుకున్నాను. నోటుబుక్కులో "సోమవారం అమ్మాలి" పక్కన ఏమీ రాయలేదు, కొట్టివేయనూ లేదు.

పన్నెండు రోజులకు ఫలితం వచ్చింది. ఎలాగో 2,700 దాకా దిగితే గ్యాసు ఆనవాళ్ళు కనిపించాయట. తీసి అమ్మితే ఖర్చు కూడా రాదట. బావి మూసేస్తున్నారట. ఆరోజు నుంచి షేరు, ఒక రోజులో ఎంత పడనిస్తారో ఆ హద్దు దాకా పొద్దున్నే పడి ఆగిపోయేది. అమ్మేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు లేరు. చివరికి కొనేవాళ్ళు దొరికేసరికి 3 రూపాయలు. నా 4,000 షేర్లకు 12,000 వచ్చింది. అతని 6,000 షేర్లకు 18,000.

ఒకటి దాచకుండా రాయాలి. అతని 18,000 చూసినప్పుడు కూడా, నాకంటే ఆరు వేలు ఎక్కువే వచ్చిందే అనుకున్నాను.

ఆ వారంలోనే తిరుపతిలో గంగజాతర. అల్లుళ్ళం ఇద్దరం అత్తగారింటికి వెళ్ళాం. జాతరలో రోజుకో వేషం కడతారు. బండ వేషం రోజున ఒంటినిండా కుంకుమ పూసుకుని వీధుల్లో తిరుగుతూ ఎదురైనవాళ్ళనల్లా తిడతారు. ఎంత తిట్టినా కోపం తెచ్చుకోకూడదు. తెల్లారాక ఆ మాటలు ఎత్తకూడదు. చిన్నప్పుడు నాయన చేయి పట్టుకుని వచ్చి నవ్విన తిట్లే. ఆ ఏడు షడ్డకుడు వేషం కట్టాడు. కుంకుమలో కళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తుండగా అత్తగారి గడప ముందుకొచ్చి నిలబడి, నన్ను చూసి వేపమండ ఊపాడు.

"ఒరే కాటా నాయాలా! నీ కడుపు దెచ్చి కాటా మీద పెట్టరా! మంట ఎన్ని టన్నులుండాదో ఊరంతా సూస్తాం!"

వీధంతా నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది.

"ఉంచు, ఉంచు అంటివి గదరా! ఏం ఉంచినావురా నాకు? మగ్గం ఉంచినావా, గుడ్డ ఉంచినావా? గోచీ ఒకటి ఉండాది, అదీ దీసుకుంటావా?"

గోచీ ముడి మీద చెయ్యి వేశాడు. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. నేను ఆచారం ప్రకారం నవ్వి పది రూపాయలు చేతిలో పెట్టాను. అతను నోటు నుదుటికి అద్దుకుని పక్కింటివాణ్ణి తిట్టడానికి పోయాడు.

మర్నాడు శుభ్రంగా స్నానం చేసి నా పక్క విస్తరి ముందు కూర్చున్నాడు. చెవి వెనక మాత్రం కొంచెం ఎరుపు మిగిలింది. "ఇంగొంచెం పప్పు ఏయించుకోన్నా, ఏం తిన్నావని" అన్నాడు. అంతా తెలిసే తిట్టాడా, వేషంలో నోటికొచ్చింది తిట్టాడా? అడగడానికి ఆచారం ఒప్పదు. అయినా నా బాధ వేరే. అతను మనసులో ఉన్నదేదో ఒక్కరోజులో ఊరిముందు అరిచేసి, సబ్బుతో కడిగేసుకున్నాడు. నాకు కడుక్కునే దారి లేదు. ఆ విస్తరి ముందు కూర్చుని అతని మీద దానికి కూడా కుళ్ళుకున్నాను.

నెల తర్వాత ఒక మినీ లారీ కాటా ఎక్కింది. డ్రైవరు పక్కన షడ్డకుడు. వెనక రెండు మరమగ్గాలు, విప్పి, తాళ్ళతో కట్టి. షావుకారుకు కొంత కడితేనే మిగతా నాలుగింటికి నూలు వస్తుందట. పాత ఇనుము కింద కిలో 30 రూపాయలకు తిరుపతిలో బేరం కుదిరింది.

మొత్తం 4,350. ఖాళీ బండి 2,710. సరుకు 1,640. చీటీ రాసిచ్చాను. విలువ 49,200.

"ఇన్నేళ్ళూ వాటి బరువెంతో నాకు తెల్దన్నా" అన్నాడు, చీటీ అటూ ఇటూ తిప్పి చూస్తూ. కాటా డబ్బులు అరవై తీసిచ్చాడు. వద్దన్నాను. "నీ కాటా ఏమన్నా సత్రమా?" అని బల్ల మీద పెట్టాడు. ఆ అరవై నేను తీసుకున్నాను.

ఆ సాయంత్రం నోటుబుక్కు చివరి పేజీలో లెక్క కట్టాను. అతను అడిగిన రోజున అమ్మి ఉంటే 1,86,000. వచ్చింది 18,000. తేడా 1,68,000. నా మాట ఖరీదు అది. ఇది ఏ కోర్టులోనూ నిలవదు, అతను అడగనూ లేదు. అయినా రాసుకున్నాను.

ఆ తర్వాత అతని మగ్గం మోటారు కాలిపోతే 7,500, అతని కూతురు పాలిటెక్నిక్ ఫీజుకు 15,000 ఇచ్చాను. నా చేత్తో ఇవ్వలేదు. ఎందుకిస్తున్నావంటే చెప్పుకోవాలి కదా. అత్తగారికిచ్చి, నా పేరు ఎత్తవద్దని ఒట్టు వేయించుకుని ఆమె చేత ఇప్పించాను.

ఫీజు కట్టిన వారానికి అతను కాటా గదికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అన్నా, అత్త సేతిలో అంత దుడ్డు యాడిదన్నా? అడక్కనే దెచ్చి ఇచ్చినాది. నీకేమన్నా ఇచ్చినాదా ఎప్పుడన్నా?"

"లేదు" అన్నాను.

"నేనంటే ఆమెకు కొంచెం ఎక్కువలే. నువ్వేం మనసులో పెట్టుకోవాకు" అని నా భుజం తట్టి, నా ఫ్లాస్కులో టీ పోసుకున్నాడు.

ఇచ్చింది నా డబ్బే. అయినా కడుపులో అదే మంట. అతను వెళ్ళాక పుస్తకం తీసి 22,500 తగ్గించి రాశాను. వడ్డీ వేయలేదు. ఆ అరవై కూడా చేర్చాను.

ఇంకా ఇవ్వాల్సింది: 1,45,560.