మరిదిగారి తంబోలా మిషను

ఆ రోజుల్లో కంప్యూటరుకు పొరపాటంటే తెలియదని గుడివాడలో మా ఆడవాళ్లందరి గట్టి నమ్మకం. పొరపాట్లన్నీ మాకు వదిలేసి అది చల్లగా అద్దాల గదిలో కూర్చుంటుందనుకునేవాళ్లం. అలాంటిదాన్ని, బందరులో కోర్సు నేర్చుకున్న మా మరిది, పాతదొకటి తెచ్చి మా వసారాలో పెట్టాడు. శనివారం సాయంత్రాలు మా వీధివాళ్లం ఆడే తంబోలాకి ఇకమీదట అంకెలు అదే చెబుతుందన్నాడు. (అంతకుముందు డబ్బాలోంచి బిళ్లలు తీసే ఉద్యోగం నాది. అలా ఊడిపోయింది.)

మొదటి వారం నేనే గెలిచాను. బహుమతి స్టీలు గిన్నె. కలిసొచ్చిందని మరుసటి వారం కూడా మూల మడతపడిన ఆ అంకెల అట్టే తీసుకున్నాను. మళ్లీ నేనే. ఆ పై వారమూ నేనే! ఎదురింటి పోస్టుమాస్టరుగారి భార్య, మా అందరికీ పిన్నిగారు, తన అట్టమీది చింతపిక్కలు ఒక్క విసురున దులిపేసి, "మిషను మీ ఇంట్లోదే, మరిది మీవాడే, గిన్నెలూ మీకేనా అమ్మాయ్? ఇక మేమెందుకు, పిక్కలు ఏరడానికా?" అంది. నాకు అన్నం సయించలేదు. వీధిలో దొంగననిపించుకున్నాక గిన్నెలేం చేసుకోను?

"ఏమయ్యా, నీ మిషను వారంవారం నలభై రెండు, ఏడు, ఎనభై ఒకటి అని ఒకటే పాట పాడుతోంది," అన్నాను మరిదితో. ఆపి మళ్లీ వేశాడు. నలభై రెండు! తల పట్టుకున్నాడు. "మొదట ఒక అంకె విత్తనంలా వేస్తే, దాన్నుంచే మిగతావి పుట్టిస్తుంది వదినా. గడియారం చూసి వేసుకోమన్నాను. లోపలి బ్యాటరీ పోయినట్టుంది, ఆపినప్పుడల్లా గడియారం మొదటికొస్తోంది. విత్తనం అదే, పంటా అదే."

"అయితే ఆ విత్తనమేదో పిన్నిగారి చేతే వేయించు."

ఆ శనివారం ఆవిడ తన పెళ్లి తేదీ "పదహారు" అంది. ఆవిడే గెలిచింది. గెలిపించిన అంకెను ఎవరు మార్చుకుంటారు? పై వారమూ పదహారే, అట్టా అదే, గెలుపూ ఆవిడదే. వెనకనుంచి ఎవరో, "పిన్నిగారూ కంప్యూటరు నేర్చేసుకున్నారండోయ్!" అన్నారు. ఆవిడ ముఖం వాడిపోయింది. నేను ఉండబట్టలేక లేచి, విత్తనం సంగతంతా అందరికీ చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అయితే నువ్వూ ఏ పాపం ఎరగవన్నమాటేనే అమ్మాయ్!" అంది.

ఆ తర్వాత వారానికొకరం అంకె చెప్పేవాళ్లం. ఇప్పటికీ తంబోలా ఎక్కడ ఆడినా మూల మడతపడిన అట్ట కోసం వెతుక్కుంటాను. మళ్లీ ఒక్కసారీ గెలవలేదు. ఒక్కసారి గెలిచి, "గిన్నెలూ మీకేనా?" అని పిన్నిగారి చేత మళ్లీ అనిపించుకోవాలని ఈ వయసులో నా ఆశ. ఆవిడ లేదని తెలిసి కూడా.