గ్రే నాబ్ దగ్గర డాల్ఫిన్లు

ఎర్నెస్ట్ వెరిల్ గారికి ఉన్న దురలవాటు ఒక్కటే: బస్సెక్కిన ఏ యాత్రికుణ్ణీ అతడు దిగదలచుకున్న చోట దిగనివ్వరు. తాగుడు లేదు, జూదం లేదు. చర్చిలో కునుకు తీయడం తప్ప దైవదూషణ కూడా లేదు. కాని ఈ ఒక్క అలవాటుతోనే ఆయన విట్బీ రేవుపట్టణం చూడవచ్చిన వారిలో సగం మందిని సముద్రతీరం పొడవునా దారి తప్పించారు.

ఉదయం తొమ్మిదిన్నరకు ముందు వృద్ధుల ఉచిత పాసు చెల్లదు. అందుచేత తొమ్మిది ఇరవై తొమ్మిదికి వంతెన దగ్గరి స్టాపులో నిలబడి, బస్సు డ్రైవర్ షీలాతో ఆయన రోజూ ఒకే యుద్ధం చేసేవారు.

“ఇంకా ఒక్క నిమిషం ఉంది, బంగారం,” అనేది షీలా. ఆమెకు పసిపిల్లలు మొదలు పండుముసలివాళ్ల దాకా అందరూ బంగారమే.

“నా గడియారంలో అయిపోయింది.”

“నీ గడియారం పట్టుకుని బండి నడిపితే ఈపాటికి మనం రేపటిలో ఉండేవాళ్లం. ఆగు.”

నిమిషం గడిచాక ఆయన ఎక్కి, తలుపు పక్కన మొదటి సీటులో, గంట మీటకు చెయ్యి అందేలా కూర్చునేవారు. అక్కడి నుంచి వేట మొదలు. ఆ రోజు చిక్కినవారు బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన దంపతులు.

“ఎక్కడ దిగుతున్నారు నాయనా?”

“స్టెయిత్స్‌లో అండీ. చూడచక్కని బెస్తపల్లె అట కదా.”

“అక్కడ దిగకండి!”

“అదేంటండీ?”

“రేవులోకి దిగడానికి పది నిమిషాలు, తిరిగి కొండెక్కడానికి మిగిలిన ఆయుష్షంతా. మా బాబాయి ఒకాయన ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. గ్రే నాబ్‌లో దిగండి. డాల్ఫిన్లు!”

“డాల్ఫిన్లా?” అంది భార్య.

“గుంపులు గుంపులుగా, తల్లీ. మనుషుల్ని చూస్తే నవ్వుతాయి.”

భార్యాభర్తలు ముఖముఖాలు చూసుకునేలోగా గంట మోగింది. బస్సు ఆగింది. దంపతులు దిగారు. బస్సు పోయింది.

గ్రే నాబ్‌లో ఉన్నవి ఇవి: స్టాపు స్తంభం ఒకటి, కూర్చునే బల్ల ఒకటి, సరిగ్గా మూసుకోని గేటు ఒకటి, చిన్న ఇల్లు ఒకటి, గొర్రెలు పదకొండు. సముద్రం కూడా ఉంది కాని, తరచు మంచు తెర వెనుక ఉంటుంది. తర్వాతి బస్సు గంటకు.

మనిషిని బట్టి అబద్ధాన్ని కొలిచి కుట్టడంలో వెరిల్ గారు మంచి దర్జీ. చిత్రకారులకు అక్కడ “ఇంకెక్కడా దొరకని వెలుగు” ఉండేది. చరిత్ర ఆచార్యుడొకరికి రోమన్ల గోడ ఉండేది. ఆ మహానుభావుడు గొర్రెలదొడ్డి గోడను మూడు పక్కల నుంచీ కొలుచుకుని పోయాడు. ఏడాదికి రెండుసార్లు నల్లని దుస్తులతో, సున్నం కొట్టిన ముఖాలతో పట్టణం మీద పడే ప్రేతకథల అభిమానుల్లో ఐదుగురికి అక్కడ శాపం తగిలిన గుడిసె ఉండేది. వాళ్లు తిరిగి వచ్చి ఇచ్చిన ఫిర్యాదు, గుడిసె లేదని కాదు. గొర్రెలు తమను చూసి ఏమాత్రం భయపడలేదని.

ఆ ఫిర్యాదు మిస్ మురియెల్ థాక్రే దగ్గర నూట పదిహేడో నంబరు.

మిస్ థాక్రే పట్టణ గ్రంథాలయంలో ముప్పయ్యొక్కేళ్లు రికార్డులు చూసి విరమించారు. విరమణ ఉద్యోగానికే గాని రికార్డులకు కాదు. కొండ మీది కప్పు లేని మఠానికి నూట తొంభై తొమ్మిది మెట్లున్నాయని లోకమంతటికీ తెలుసు. అయినా నూట తొంభై ఏడని లెక్కించినవారి పేర్లు, రెండు వందల మూడని వాదించినవారి పేర్లు ఆమె వేరువేరు దస్త్రాలలో భద్రపరిచారు. అట్టి వ్యక్తి బస్సు ప్రయాణికుల సంఘానికి కార్యదర్శి కావడం సంఘానికి అదృష్టం. వెరిల్ గారికి దురదృష్టమని ఆమె భావించారు.

ఫిర్యాదు తెచ్చినవారెవరైనా తేదీ, దిగిన సమయం, బస్సు నంబరు, వాతావరణం, సంతకం ఇవ్వనిదే ఆమె గడప దాటలేరు. పద్నాలుగు నెలల్లో రెండు వందల పద్నాలుగు ఫిర్యాదులు పోగుపడ్డాయి. ఆమెకు మండిపోయిన సంగతేమిటంటే, వచ్చినవారిలో చాలామందికి దారి చెప్పి పంపింది ముద్దాయే.

“తిరుగు బస్సులో మళ్లీ ఆయనే ఉన్నారండీ,” అన్నాడు బర్మింగ్‌హామ్ భర్త, బూట్ల బురద ఆమె చాప మీద దులుపుతూ. “మోసం చేశారేంటండీ అంటే, ‘కోపమొచ్చిందా? రావాల్సిందే. కొండ కింద నీలం తలుపు, మిస్ థాక్రే. వెళ్లి రాసివ్వండి. టైము మాత్రం మర్చిపోకండి’ అన్నారు.”

“ఎంత పొగరు!” అన్నారు మిస్ థాక్రే. ఆ పొగరును కూడా నమోదు చేశారు.

చివరకు ఆమె నిర్ణయానికి వచ్చారు. జిల్లా రవాణా అధికారి పద్నాలుగో తేదీన పట్టణంలో బహిరంగ సభ పెడుతున్నాడు. తీరప్రాంతపు స్టాపుల పునఃపరిశీలన అని ఏదో అందులో ఉంది. ఆ సభలోనే దస్త్రం సమర్పించి, వెరిల్ గారి ఉచిత పాసును రద్దు చేయించాలి. దస్త్రంలో లోపమంటూ ఉంటే ఒక్కటే: సంఘటనా స్థలాన్ని ఆమె స్వయంగా చూడలేదు. పదమూడో తేదీ ఉదయం గొడుగు, పెన్సిలు, కొలతబద్ద పట్టుకుని బస్సెక్కారు.

“మిస్ థాక్రే!” అన్నారు వెరిల్ గారు, అలవాటు చొప్పున. “స్టెయిత్సేనా? అక్కడ దిగకండి!”

“దిగను. నేను గ్రే నాబ్‌లో దిగుతున్నాను.”

వెరిల్ గారి చెయ్యి గంట మీటకు సగం దూరంలో ఆగిపోయింది. బస్సులో ఆయన తత్తరపడటం షీలా చూడటం అదే మొదలు.

“గ్రే నాబ్‌లోనా?” అన్నారాయన. “అక్కడ... అక్కడేముంది?”

మిస్ థాక్రే స్వయంగా గంట కొట్టి దిగారు. ముందుగా గొర్రెలను లెక్కపెట్టారు. పన్నెండు. పదకొండని రాసిన సాక్షులందరూ తప్పు చెప్పారని గ్రహించి, దిద్దుబాటు రాసుకున్నారు. తరువాత స్తంభానికి కట్టిన జిల్లా వారి ప్రకటన చదివారు. ఈ స్టాపుకు టికెట్టు కొనేవారు దాదాపు లేనందున దీన్ని తొలగించదలచారట. అభ్యంతరమున్నవారు లిఖితపూర్వకమైన ఆధారాలతో పద్నాలుగో తేదీ సభకు రావాలట.

“కళ్లద్దాలు కావాలా, తల్లీ?” అని బల్ల మీంచి ఒక గొంతు పలికింది. ఎనభై దాటిన ముసలమ్మ, ముస్తాబై, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని పట్టణం వెళ్లే బస్సు కోసం కూర్చుని ఉంది. “నేను హన్నా స్టోర్‌ని. ఆ ఇల్లు మాదే. డాల్ఫిన్ల కోసం వచ్చావా?”

“లేదు. ఉన్నాయా?”

“ఎక్కడివీ! నా జన్మలో చూడలేదు. వచ్చినవాళ్లు అడిగితే మాత్రం, అయ్యో నిన్నటిదాకా ఇక్కడే ఉన్నాయి నాయనా అంటాను. ఒట్టిచేతులతో పంపలేం కదా.”

“మీరు కూడానా!” అన్నారు మిస్ థాక్రే. పెన్సిలు మొన విరిగింది. “ఏ ప్రయోజనానికండీ ఈ అబద్ధాలు?”

“స్టాపుకి మనుషులు కావాలి కదమ్మా, లేకపోతే తీసేస్తామని నిరుడే బెదిరించారు. మా ఆయన రెగ్ వంతెన పక్క ముసలివాళ్ల ఆశ్రమంలో ఉన్నాడు. నేను రోజూ పన్నెండింటికల్లా వెళ్లి తిట్టాలి.”

“తిట్టాలా?”

“అరవై ఏళ్ల అలవాటు. తిట్టకపోతే సూప్ ముట్టడు. పాపం నర్సులు కూడా తిట్టి చూశారు. వాళ్ల తిట్లలో ఉప్పు లేదట. ఈ స్టాపు తీసేస్తే తర్వాతది రెండు మైళ్లు. ఈ మోకాళ్లతో నేను చేరేసరికి ఆయన పస్తుంటాడు.”

“మరి వెరిల్ గారికీ మీకూ ఏం సంబంధం?”

“ఎర్నీ, రెగ్ ముప్పయ్యేళ్లు ఒకే పడవలో పీతలు పట్టారు. ఆ తర్వాత పీతలబుట్ట ఒకటి పోయింది. నువ్వు పారేశావంటే నువ్వు పారేశావని ఇరవై రెండేళ్లుగా మాటల్లేవు. సాయం చేస్తున్నానని తెలిస్తే మా ఆయన ఒప్పుకోడని, ఎర్నీ ఈ వేషాలు వేస్తున్నాడు. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకే.”

ఆ రోజు మిస్ థాక్రే ఇంటికి వెళ్లి దస్త్రం మొదటి నుంచి చివరి దాకా చదివారు. అందులో ఒక్క అక్షరం మార్చడం ఆమె వల్ల కాని పని. మార్చనక్కరలేదని నూట పదిహేడో ఫిర్యాదు దగ్గర ఆమెకు తట్టింది.

మరునాటి సభలో అధికారి ప్రెంటిస్ కాగితం తిరగేసి అన్నాడు: “టికెట్ యంత్రం లెక్క ప్రకారం గ్రే నాబ్‌కు ఏడాదిలో టికెట్టు కొన్నవారు ఆరుగురు. ఉచిత పాసులు లెక్కలోకి రావు. అభ్యంతరాలున్నాయా?”

వెరిల్ గారు లేచి, టోపీ నలుపుకుని, “చాలామంది దిగుతారండీ,” అన్నారు. “నేనే చూశాను.”

“ఆధారం?”

వెరిల్ గారు మిస్ థాక్రే వైపు చూసి, కళ్లు దించుకున్నారు. ఆ దస్త్రం ఆమె ఒళ్లో ఉంది. ఆమె సంచిలో, ఆయన పాసు రద్దు కోరే అర్జీ కూడా ఉంది.

ఆమె లేచి, దస్త్రాన్ని మాత్రమే బల్ల మీద ధబ్బున పెట్టారు.

“మీ యంత్రం స్టెయిత్స్‌కు కొన్న టికెట్టును స్టెయిత్స్ అనే రాస్తుంది. మనిషి ముందే దిగిపోతే దానికి తెలియదు. ఇవిగో, గ్రే నాబ్‌లో దిగినవారు. పద్నాలుగు నెలలకు రెండు వందల పద్నాలుగు పత్రాలు. తేదీ, సమయం, బస్సు నంబరు, వాతావరణం, సంతకం.”

ప్రెంటిస్ రెండు కాగితాలు తిప్పాడు. “ఇవన్నీ ఫిర్యాదులు కదండీ! ‘డాల్ఫిన్లు లేవు’... ‘డాల్ఫిన్లు లేవు’... ‘గొర్రెలు భయపడలేదు’...”

“ఫిర్యాదులే. దిగకుండా ఫిర్యాదు చేసినవాడు ఒక్కడున్నాడేమో చూపించండి.”

సభ గొల్లున నవ్వింది. ప్రెంటిస్ వాటిని ఒక్కొక్కటిగా చూశాడు. చూడక తప్పదు, ఆమె కూర్చోలేదు. అరగంట తరువాత గ్రే నాబ్ స్టాపు ఉంటుందని, వచ్చే ఏడాది మళ్లీ పరిశీలిస్తామని ప్రకటించాడు.

బయట మెట్ల మీద ఆమె వెరిల్ గారిని నిలదీశారు. “మీరు వాళ్లను కావాలనే నా తలుపు దగ్గరకు పంపారు!”

“ఊళ్లో ఇంకెవరు దాచిపెడతారండీ?”

“నన్ను నేరుగా అడగవచ్చు కదా?”

“అడిగితే మీరు నిబంధనలు చూపించేవారు. కోపమొస్తేనే మీరు పూర్తిగా రాస్తారు.”

ఆ మాట కూడా ఎక్కడో నమోదై ఉంటుంది. పాసు రద్దు అర్జీని ఆమె చింపలేదు. కాగితాన్ని చింపడం ఆమె జన్మలో లేదు. ‘సమర్పించబడనివి’ అనే కొత్త దస్త్రం తెరిచి అందులో పెట్టారు.

ఆ మరుసటి గురువారం ఆమె బస్సెక్కి, వెరిల్ గారు నోరు తెరవకముందే గంట కొట్టి గ్రే నాబ్‌లో దిగారు. హన్నా పక్కన బల్ల మీద కూర్చుని, కాగితం తీసి రాశారు: రెండు వందల పదిహేను. దిగిన సమయం పది గంటల నాలుగు నిమిషాలు. మంచు తెర, చిరుజల్లు. గంటసేపు వేచి చూసినప్పటికీ ఒక్క డాల్ఫిన్ కూడా నవ్వలేదు. ఇది అత్యంత గర్హనీయం. వచ్చే గురువారం స్వయంగా వచ్చి మళ్లీ పరిశీలించగలను.